బ్లేడు కట్టిన లారీలు ఎందుకు మరిగాయి

డీజిల్ ఇంజన్ల పనిలో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడల్లా నన్నొక మాట అడుగుతారు. "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే పెద్ద రిపేరు ఏదండీ?" అని. ఇంజన్ మొత్తం విప్పి గచ్చు మీద పరిచి, మళ్లీ బిగించి, ఒక్క కిక్కుకి స్టార్ట్ చేసిన కథేదో చెబుతానని వాళ్ల ఆశ. నేను చెప్పే రిపేరులో అసలు ఇంజనే విప్పలేదు. కానీ దాని మీద ఒక ఊరి దాహం ఆధారపడి ఉంది. అందుకే నాకు అదే పెద్దది.

నా పేరు దేవసహాయం. మాది ఉయ్యూరు పక్కన చిన్న పల్లె. నాన్న చెరకు తోటల్లో పనిచేసేవాడు. మిషన్ బడిలో చదివి, మెకానికల్ డిప్లొమా చేసి, బెజవాడలో రోడ్ల శాఖవారి రిపేరు వర్క్‌షాపులో చేరాను. డెబ్భైలలో చాలాకాలం అక్కడ లారీల సెక్షను నా చేతిలో ఉండేది. ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ ఇక్కడ రాయను. అవి అందరికీ వస్తాయి. ఇంజన్ మరగకుండా చూడటం గురించి రాస్తాను. ఎండాకాలంలో తారు కరిగే ఊళ్లో మా పనిలో సగం అదే.

చెరకు లారీలు నేర్పింది

గవర్నమెంటు ఉద్యోగం రాకముందు ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ దగ్గరున్న ఒక ప్రైవేటు షెడ్డులో పనిచేశాను. చెరకు సీజను వచ్చిందంటే ఫ్యాక్టరీ గేటు నుంచి బండ్లు, ట్రాక్టర్లు, లారీలు బారులు తీరేవి. ఆ బారులో గంటల తరబడి ఇంజన్ ఆపకుండా ముందుకు జరుపుకుంటూ ఉంటే సగం లారీలు పొగలు కక్కేవి.

ఒక లారీ మాత్రం ప్రతి సీజనులోనూ మా షెడ్డుకి వచ్చేది. దాని ఓనరు ఓపికమంతుడు. వాటర్ పంపు మార్పించాడు. ఇంజన్ పైభాగం, అదే హెడ్డు, దింపించి దాని కింది గాస్కెట్ మార్పించాడు. అయినా గేటు దగ్గర నిలబడితే మరుగుతుంది. "దీనికి నా జాతకం తగిలిందయ్యా" అనేవాడు. రేడియేటర్ బాగానే ఉంది కదా అని అడిగితే, "అద్దంలా ఉంటది. రోజూ బకెట్లతో కొట్టి కడిగిస్తా" అన్నాడు.

ముందు నుంచి చూస్తే నిజంగానే అద్దంలా ఉంది. నేను రేడియేటర్ దింపి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. అటు నుంచి ఇటు ఒక్క చుక్క వెలుగు రాలేదు. చెరకు ఆకు పొట్టు, దుమ్ము, పురుగుల రెక్కలు రేకుల సందుల్లో అట్టలా గట్టిపడ్డాయి. ముందు నుంచి నీళ్లు కొట్టిన కొద్దీ ఆ చెత్త ఇంకా లోపలికి దిగింది. శుభ్రం చేస్తున్నానని అతను రోజూ గాలి దారి మూస్తూ వచ్చాడు. వెనక నుంచి, అంటే ఫ్యాన్ వైపు నుంచి బయటికి, నెమ్మదిగా నీళ్లు పెట్టి ఆ అట్టంతా వదిలించాం. ఆ లారీ మళ్లీ ఆ పని మీద మా షెడ్డుకి రాలేదు.

అక్కడే నాకు విషయం బుర్రకెక్కింది. ఇంజన్ మరిగితే అందరూ నీళ్ల వైపే చూస్తారు. నీళ్లు చేసేది వేడిని ఇంజన్ నుంచి రేడియేటర్ దాకా మోసుకురావడం. అక్కడి నుంచి బయటికి తీసుకుపోయేది గాలి. గాలి ఆగిపోయిన చోట ఎన్ని నీళ్లు పోసినా అవీ మరుగుతాయి.

వెంకటరత్నం గారు

వర్క్‌షాపులో నా పై అధికారి వెంకటరత్నం గారు. ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటు, చేతికి ఎప్పుడూ రుమాలు. మనిషి నిజాయితీపరుడు. స్టోర్సులో ఒక్క నట్టు తేడా వచ్చినా నిద్రపోయేవారు కాదు. సైటుకి రమ్మంటే బురదైనా ఎండైనా ముందు తనే దిగేవారు. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఆర్డర్లు వేసే రకం కాదు.

ఆయనతో చిక్కల్లా ఒకటే. జబ్బేమిటో వినడం పూర్తయ్యేలోపే మందు రాసేసేవారు. ఆయన చదివిన చదువు పెద్దది. జ్ఞాపకశక్తి కూడా గొప్పది. ఏ లక్షణం చెప్పినా ఆయనకి ఇదివరకు చూసిన కేసు ఒకటి గుర్తొచ్చేది. ఆ గుర్తొచ్చిందే దీనికీ కారణమని తేల్చేసేవారు. పదింట ఎనిమిది తొమ్మిదిసార్లు ఆయనే కరెక్టు అయ్యేవారు. అందువల్ల తప్పిన ఒకటి రెండు సార్లు ఆయనకి చెప్పే ధైర్యం ఎవరూ చేసేవారు కాదు.

అలాంటి అధికారుల దగ్గర పనిచేయడం కష్టమని చాలామంది అంటారు. నాకు మాత్రం ఏమీ తేల్చని అధికారుల కంటే తప్పైనా తేల్చే అధికారే నయమనిపించేది. తప్పని చూపించగలిగితే దారి మారుతుంది. ఏమీ తేల్చని వాడికి ఏం చూపిస్తాం?

ఉప్పెన తర్వాత

డెబ్భై ఏడు నవంబరులో దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. బెజవాడలో మాకు తెలిసింది గాలీవానా మాత్రమే. సముద్రం ఊళ్ల మీదికి వచ్చి వెళ్లిందన్న కబురు తర్వాత వచ్చింది. ఆ చావుల గురించి చాలామంది రాశారు. నేను చూసిందంతా రాయలేను. నా పని రోడ్ల మీద. అది మాత్రం రాస్తాను.

అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్లు బురద కింద పడి ఉన్నాయి. మామూలు బురద కాదు. ఇసుక, ఒండ్రు, తాటాకు కప్పులు, కూలిన చెట్లు, పశువుల కళేబరాలు అన్నీ కలిసి మోకాలెత్తున పేరుకున్నాయి. బుల్‌డోజర్లు ఉన్నవి కొద్ది. అవి కాలవ గండ్ల దగ్గరికి వెళ్లిపోయాయి. రోడ్లు తెరిచే పని మాకు అప్పజెప్పి, ఏంచేస్తారో చేయండన్నారు.

వెంకటరత్నం గారు వర్క్‌షాపు వెనక పడి ఉన్న పాత బాయిలర్ ప్లేటు కోయించారు. దాన్ని వంచి, రెండు ఇనప చేతులు వెల్డింగు చేయించి, రెండు డీజిల్ లారీల ముందు బిగించారు. పైన ఒక గొలుసు, చెయిన్ పుల్లీ. బురద తోసేటప్పుడు బ్లేడు నేల మీదికి దించాలి. ప్రయాణంలో పైకెత్తి గొలుసు కొక్కేనికి తగిలించాలి. మంచు దేశాల్లో రోడ్ల మీది మంచును ఇలాగే తోస్తారని ఆయన ఏదో పత్రికలో బొమ్మ చూశారట. "మంచును తోసేది మట్టిని తొయ్యదా?" అన్నారు. తోసింది కూడా. ఆ ఆలోచన ఆయనదే. ఆ ఘనత ఆయనకి ఇచ్చి తీరాలి.

వెనక చక్రాలు బురదలో జారకుండా లారీ వెనక బరువుండాలి. రాళ్లు వేసే బదులు మంచినీళ్ల డ్రమ్ములు ఎక్కించాం. అక్కడ బావులన్నీ ఉప్పుబారిపోయాయి. చెరువులు చూడటానికే భయంగా ఉన్నాయి. బరువుకి బరువు, దాహానికి నీళ్లు. మా లారీ ఎంత దూరం దారి తెరిస్తే అంత దూరం మంచినీళ్లు వెళతాయన్నమాట.

మొదటి లారీ డ్రైవరు మస్తాన్. బెజవాడ వాడు, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. నేను అతని పక్కన కూర్చుని బయల్దేరాను.

మనుషుల నీళ్లు, ఇంజన్ నీళ్లు

మొదటి రోజు నుంచే లారీలు రెండూ మరగడం మొదలెట్టాయి. మరిగిన ప్రతిసారీ ఆగడం, చల్లారేదాకా కూర్చోవడం, నీళ్లు పోయడం, బయల్దేరడం. పోసే నీళ్లు ఎక్కడివి? చుట్టూ ఉన్నవన్నీ ఉప్పునీళ్లే. అవి పోస్తే ఇంజన్ లోపల ఉప్పు పేరుకుని, తుప్పు పట్టి, కొద్దిరోజుల్లోనే అది చెత్త కింద జమ. ఇంకో ఇంజన్ తెచ్చే దారి లేదు. కనుక వెనకున్న డ్రమ్ముల్లోంచే తీసేవాళ్లం.

మా రోడ్డు చివర గుల్లపాలెం అని ఒక ఊరు. ఊరంటే అప్పటికి మిగిలింది చర్చి గోడలు, దాని పక్కన బడి గది, కొన్ని మొండి గోడలు. మేము ఆ ఊరికి దారి తెరిచిన రోజున, ఊరు కనిపించే దూరంలో బండి మళ్లీ మరిగింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసలు కొట్టింది. మస్తాన్ పక్కకి తీసి ఆపాడు.

జనం మమ్మల్ని చూసి బురదలో పరుగున వచ్చారు. బిందెలు, తపేలాలు, డబ్బాలు, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. మస్తాన్ డ్రమ్ములోంచి బకెట్టుతో నీళ్లు ముంచాడు. జనం బిందెలు ముందుకు చాపారు. అతను మాత్రం బకెట్టు పట్టుకుని బానెట్ దగ్గరే నిలబడిపోయాడు.

"ఏంటయ్యా ఆగావు?" అని నేను అడిగాను.

"ఎలా పొయ్యమంటారు సార్?" అన్నాడు మెల్లగా. "వాళ్లు చూస్తన్నారు."

జనంలోంచి ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. పెదాలు పగిలి ఉన్నాయి. "బాబూ, మనుషులు తాగే నీళ్లు ఇనుముకి పోస్తారా? మూడిళ్ల వాళ్లం ఒక్క చెంబుతో గడుపుకుంటన్నాం. ఇదిగో ఇటు కాలవ నిండా నీళ్లున్నాయి, అవి పోసుకోండి" అన్నాడు.

"అవి ఉప్పు నీళ్లండీ. పోస్తే ఇంజన్ పాడవుతుంది" అన్నాను.

"మరి మా ప్రాణాలో?"

అతను అన్నదాంట్లో అన్యాయమేముంది? ఆ గుంపులోంచి ఒకావిడ అడ్డం వచ్చింది. వయసు యాభై దాటి ఉంటుంది. తెల్లచీర మట్టి రంగుకి తిరిగింది. ఆవిడ పేరు కమలమ్మ. మిషన్ బడిలో టీచరు. ఉప్పెన రోజు బడి గది పైకప్పు మీద కొందరిని ఎక్కించి కాపాడిందట. ఆ ఊరివాళ్లు ఇప్పుడు ఆవిడ మాట మీదే నడుస్తున్నారని తర్వాత తెలిసింది.

"ముందు బండికి పోయండి బాబూ" అంది మస్తాన్‌తో. తర్వాత ఆ పెద్దాయన వైపు తిరిగి, "ఈ బండి ఇక్కడే చచ్చిపోతే రేపు మనకి నీళ్లు మోసుకొచ్చేదెవరు చినబ్బాయ్? పొయ్యనీ" అంది.

చల్లారేదాకా ఆగి, మూత మీద గోనెపట్టా వేసి తిప్పి, ఇంజన్ నడుస్తుండగా నెమ్మదిగా నీళ్లు పోశాం. బకెట్టు తర్వాత బకెట్టు. రేడియేటర్ గొంతులోకి నీళ్లు దిగుతున్న చప్పుడు ఆ జనమంతా నిలబడి విన్నారు. మిగిలిన నీళ్లు అందరికీ సరిపోలేదు. కమలమ్మ గారి బిందె ఖాళీగానే ఉంది. ఆవిడ దాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

తిరిగి వెళ్లేటప్పుడు మస్తాన్, "సార్, మీరు ఇంజన్లు తెలిసినోళ్లు. ఇది నీళ్లు తాగకుండా చెయ్యండి. ఆళ్ల మొహాలు నేను మళ్లీ చూళ్లేను" అన్నాడు.

ఆ మాట నాకు ఏ మెమో కంటే గట్టిగా తగిలింది.

గుడ్డ పేలికలు

మేము మకాం పెట్టిన అవనిగడ్డ క్యాంపులో వెంకటరత్నం గారికి విషయం చెప్పాను. వినడం పూర్తికాకముందే ఆయన తేల్చేశారు.

"ఫస్టు గేరులో బురద తోస్తున్నాం. లోడు ఎక్కువ. మరగక ఏం చేస్తుంది? థర్మోస్టాట్లు పీకేయించండి. నీళ్లు ధారాళంగా తిరుగుతాయి." థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపి, వేడెక్కాక ఆ దారి తెరిచి పక్కదారి మూసే చిన్న తలుపు.

"సార్, ఈ ఇంజన్లకి బైపాస్ దారి ఉంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీళ్లు కొన్ని రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి ఇంజన్లోకి పోతాయి" అన్నాను.

"పుస్తకాలు నాకూ తెలుసు దేవసహాయం. తీయించండి."

రెండో లారీకి తీయించారు. మస్తాన్ బండికి మర్నాడు తీద్దామని నేను ఒక రోజు గడువడిగాను. ఇచ్చారు.

ఆ మర్నాడు నేను క్యాబిన్‌లో కూర్చుని హీటు మీటరు మీది నుంచి కళ్లు తీయలేదు. లోడు వల్ల మరుగుతోందన్నది అందరం నమ్మేశాం. ఎప్పుడు మరుగుతోందో ఎవరమూ చూడలేదు. చూస్తే ఏం కనిపించింది? బ్లేడు నేల మీద పెట్టి, ఇంజన్ అరుస్తూ బురద తోస్తున్నంత సేపూ ముల్లు పైకి వెళ్లింది కానీ ఎర్రగీత దగ్గరికి చేరలేదు. ఆ తోపు అయ్యాక బ్లేడు పైకెత్తి, తెరిచిన రోడ్డు మీద హాయిగా నడుపుకుంటూ ఇంకో చోటికి వెళ్తున్నప్పుడు ముల్లు లేచింది. కష్టపడుతున్నప్పుడు బాగానే ఉండి, తేలిగ్గా నడిచేటప్పుడు మరిగే ఇంజన్!

"మస్తాన్, నిన్న మరిగింది కూడా ఇలా వెళ్తున్నప్పుడేనా?"

అతను ఆలోచించాడు. "అవును సార్. తోసేటప్పుడు ఎప్పుడూ ఆపలేదు. అలిసిపోయి తర్వాత మరుగుతుందేమో అనుకున్నా."

బండి ఆపించి కిందికి దిగి ముందు నిలబడి చూశాను. గొలుసుకి వేలాడుతున్న బ్లేడు రేడియేటర్ జాలీకి ఎదురుగా తలుపు మూసినట్టు నిలబడి ఉంది. బాయిలర్ ప్లేటు. చీమ దూరే సందు లేదు. చెరకు పొట్టు సందులు మూస్తే ఇది వాకిలే మూసేసింది.

నాకు నమ్మకం కుదిరింది. కానీ వెంకటరత్నం గారి దగ్గరికి నమ్మకంతో వెళితే సరిపోదు. నా పాత పంచె ఒకటి చింపి, సన్నటి పేలికలు చేసి, జాలీ మీద పైనుంచి కింది వరకూ కట్టాను. మస్తాన్‌ని నడపమని, నేను ఫుట్‌బోర్డు మీద నిలబడి ముందుకి వంగి చూశాను. బ్లేడు కిందికి ఉన్నప్పుడు పేలికలన్నీ జాలీకి అంటుకుపోయాయి. పైకెత్తితే ఊరికే వేలాడాయి. కొన్నయితే గాలి లోపలి నుంచి ఎదురు తిరిగినట్టు బయటికి ఊగాయి. ఫ్యాను తన చుట్టూ ఉన్న వేడిగాలినే తిప్పి తిప్పి పీలుస్తోంది.

ఆ రోజే గొలుసుకి ఇంకో కొక్కెం పెట్టించాం. ప్రయాణంలో బ్లేడు జాలీ కింది అంచు కంటే దిగువనే ఉండేలా, నేలకి మాత్రం తగలకుండా. నేరుగా అడ్డం ఉండకుండా ఒక పక్కకి ఏటవాలుగా తిరిగేలా చేతుల దగ్గర ఒక మేకు బెజ్జం వేయించాం. ఫ్యాను చుట్టూ వదులుగా ఊడిపోయిన రేకు డొప్పని డ్రమ్ము రేకుతో సరిచేశాం. రేడియేటర్‌ని వెనక నుంచి కడిగాం. బురద తుంపరలు సందుల్లో ఎండి ఉన్నాయి. ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూసి బిగించాం. థర్మోస్టాట్ ఉన్నచోటే ఉంచాం.

రెండు లారీలు

వెంకటరత్నం గారు పేలికల సంగతి ఈసారి పూర్తిగా విన్నారు. కానీ ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం కూడా మామూలుది కాదు.

"బ్లేడు కిందికి పెట్టుకుని పరిగెత్తితే కల్వర్టు అంచుకి తగులుతుంది. మొన్న తోసేటప్పుడు అలా తగిలే కదా బ్లేడు చెయ్యి వంగింది. చేతులు విరిగితే వెల్డింగుకి బెజవాడ తీసుకెళ్లాలి. రోజులు పోతాయి. అప్పుడు నీ గాలి ఏం చేస్తుంది?"

"కల్వర్టుల దగ్గర ఆపి పైకెత్తుదాం సార్. దాటాక మళ్లీ దింపుదాం. మనం పరిగెత్తేది మనం శుభ్రం చేసిన రోడ్డు మీదే కదా."

"ప్రతి కల్వర్టు దగ్గరా ఆగితే టైమో?"

"మరిగినప్పుడల్లా ఆగేదానికంటే తక్కువేనండీ."

ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "సరే. రేపు రెండు లారీలూ నిండు డ్రమ్ములతో గుల్లపాలెం వెళ్తాయి. నాది నా పద్ధతిలో. నీది నీ పద్ధతిలో. నేను రెండో దాంట్లో కూర్చుంటాను" అన్నారు.

ఇది ఆయన్ని మెచ్చుకోవాల్సిన చోటు. ఇంకొకరైతే నోరు మూసుకోమనేవారు. ఆయన తన మాట తప్పో ఒప్పో చూడటానికి తనే బండెక్కారు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఆయన లారీ ముందు వెళ్లింది, బ్లేడు ఎత్తుగా, థర్మోస్టాట్ లేకుండా. మేము వెనక, బ్లేడు కిందికి, పక్కకి తిప్పి. ప్రతి కల్వర్టు దగ్గరా మస్తాన్ ఆపేవాడు. దిగి గొలుసు లాగి బ్లేడు ఎత్తి, దాటి, మళ్లీ దించేవాళ్లం. అలా ఆగినప్పుడల్లా ముందు లారీ దూరమైపోయేది. దాని చప్పుడు కూడా వినిపించకుండా పోయింది. మస్తాన్ నా వైపు చూశాడు.

"వెళ్లనీ. మన ముల్లు చూడు" అన్నాను.

ముల్లు మధ్యలో ఉంది. కదలడం లేదు.

సగం దారి దాటాక ఒక మలుపులో ముందు లారీ కనిపించింది. రోడ్డు పక్కన ఆగి ఉంది. ఆవిరి లేస్తోంది. వెంకటరత్నం గారు రోడ్డు మధ్య నిలబడి ఉన్నారు. తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా బురద. డ్రైవరు కంగారులో డ్రమ్ములోంచి చల్లటి నీళ్లు ముంచుకుని బానెట్ ఎక్కబోతున్నాడు.

"ఆగు, ఆగు, పొయ్యకు" అని నేను అరిచాను. కాగిన ఇంజన్లోకి చన్నీళ్లు పోస్తే హెడ్డు పగుళ్లిస్తుంది. గన్నవరం దగ్గర అలా పగిలిన హెడ్డుని నేను చేత్తో పట్టుకుని చూశాను. అతను ఆగిపోయాడు.

వెంకటరత్నం గారు మా లారీ చుట్టూ ఒకసారి తిరిగారు. బ్లేడు చూశారు. జాలీ మీద ఇంకా కట్టి ఉన్న పేలికలు చూశారు. క్యాబిన్‌లోకి తల పెట్టి హీటు మీటరు చూశారు. తలుపు తీసి నా పక్కన ఎక్కి కూర్చున్నారు.

"పద" అన్నారు మస్తాన్‌తో.

తర్వాతి కల్వర్టు దగ్గర బండి ఆగగానే అందరికంటే ముందు ఆయనే దిగి గొలుసు పట్టుకున్నారు.

గుల్లపాలెంలో జనం మళ్లీ బిందెలతో వచ్చారు. ఇంజన్ ఆగగానే, మొన్నటిది గుర్తొచ్చి అందరూ రేడియేటర్ వైపు చూశారు. మస్తాన్ బానెట్ కూడా ఎత్తలేదు. నేరుగా వెనక్కి వెళ్లి డ్రమ్ము మూత తీశాడు. ఆ పూట తెచ్చిన నీళ్లన్నీ బిందెల్లోకే వెళ్లాయి. మొన్న మమ్మల్ని నిలదీసిన చినబ్బాయి తన బిందె నింపుకుని, పక్కన పెట్టి, మిగిలినవాళ్లకి పట్టడానికి మస్తాన్‌తో పాటు నిలబడ్డాడు. కమలమ్మ గారు అందరికంటే చివర వచ్చింది. ఆవిడ బిందె నిండేటప్పుడు నీళ్లు అంచు పొర్లి కింద పడ్డాయి. ఆవిడ తడిసిన చెయ్యి కళ్లకి అద్దుకుంది.

"ఈవేళ మీ బండికి దాహం వెయ్యలేదా బాబూ?" అంది.

"లేదండీ" అన్నాడు మస్తాన్. ఆ ఉప్పెన పనిలో అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

సాయంత్రం తిరిగి వస్తూ వెంకటరత్నం గారు, "రెండో దానికి కూడా కొక్కెం మార్పించండి. థర్మోస్టాట్ వెనక్కి పెట్టించండి" అన్నారు. మళ్లీ, "నేను లోడు అనుకున్నానయ్యా. లోడు లేనప్పుడు మరుగుతుందని ఎలా అనుకుంటాం?" అన్నారు. ఆ మాట ఆయన నన్ను అడగలేదు, తనని తనే అడుక్కున్నారు. మేము ఆ తర్వాత చాలాకాలం కలిసి పనిచేశాం. ఏదైనా బండి పాడైతే ఆయన మందు రాయడం మానలేదు. కాకపోతే దానికి ముందు డ్రైవర్ని పిలిపించి కూర్చోబెట్టేవారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి

మీ రోజుల్లో ఇంజన్లు మారిపోయాయి. బండి తన జబ్బు తనే డ్రైవరు ముందున్న చిన్న తెర మీద రాసి చూపిస్తోంది. మంచిదే. కానీ బండి ముందు మీరు ఏదైనా కొత్తది తగిలిస్తే, బ్లేడు కానీ, గార్డు కానీ, పెద్ద లైట్ల పలక కానీ, ముందుగా గాలి దారి ఎక్కడుందో చూడండి. ఆ సంగతి ఇంజన్ తయారుచేసినవాడికి తెలియదు. అతను ఖాళీ ముఖం ఉన్న బండిని అమ్మాడు. తగిలించింది మీరు. లెక్క మీరే చెప్పాలి.

మరిగిన బండి దగ్గరికి వెళ్లగానే స్పానరు తీయకండి. ఎక్కడ మరిగింది, ఏ గేరులో, ఎక్కుతోందా దిగుతోందా, నిండుగానా ఖాళీగానా, ఎదురుగాలా వెనకగాలా అని అడగండి. సగం రిపేర్లు ఆ జవాబుల్లోనే తేలిపోతాయి. అధికారి తప్పు చెప్తే వాదించకండి, చూపించండి. చూపించినా చూడని అధికారి తగిలితే అది మీ దురదృష్టం. నాకు అలాంటివాళ్లూ తగిలారు. వాళ్ల గురించి రాయడానికి ఏమీ లేదు.

ఇంకొకటి. మన పనిలో ఇంజన్నే చూస్తూ ఉండిపోతాం. ఆ ఇంజన్ ఎవరి కోసం నడుస్తోందో ఒక్కోసారి చూడాలి. నేను గుల్లపాలెం జనం ఎదుట నిలబడకపోతే, థర్మోస్టాట్ తీసేయమన్నప్పుడు సరేనని తీసేసి ఊరుకునేవాడినేమో.

రోడ్డు గట్టిపడ్డాక బ్లేడ్లు విప్పేశాం. మేము గుల్లపాలెంలో సామాను సర్దుకుంటున్న రోజున అవనిగడ్డ నుంచి సర్వీసు బస్సు మళ్లీ అక్కడిదాకా వచ్చింది. చర్చి ముందు ఆగింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి, మామూలు రోజుల్లో పిలిచినట్టే, "గుల్లపాలెం, గుల్లపాలెం, దిగేవాళ్లు దిగండి" అని గట్టిగా కేకేశాడు. దిగడానికి ఎక్కువమంది లేరు. చుట్టూ నిలబడ్డవాళ్లలో కొందరు కళ్లు తుడుచుకున్నారు. కమలమ్మ గారు చేతిసంచి పట్టుకుని ముందుకు నడిచింది. బడికి పలకలు కొనడానికి అవనిగడ్డ వెళ్తోందట.

"మా ఊరి పేరు అలా పిలవగా వింటాననుకోలేదు బాబూ" అని నాతో అని, మెట్టెక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది.